పాడి గేదెను అమ్మి, వట్టిపోయిన గేదెను మేపుతామా?

ఆవకాయ జాడీలకి వాసెన కట్టి అటక మీదికి చేర్చేశారా? పోయిన వారం కారం, ఆవపిండి, ఉప్పు కొలతలు చెప్పుకున్నాం. ఈ వారం ఊరగాయ గురించి కాదు, మనల్ని ఊరించే ఇంకో సంగతి గురించి మాట్లాడుకుందాం. అదే షేర్ల బేరం.

"ఇదేమిటమ్మా, వంటింటి కబుర్లలో షేర్ల గోల!" అని విసుక్కోకండి. గుడివాడ వైపు నుంచి ఒక చెల్లెమ్మ ఉత్తరం రాసింది. "అక్కా, పిల్లలు స్కూలుకి, ఆయన డ్యూటీకి వెళ్ళాక ఫోనులోనే షేర్లు కొని అమ్ముతున్నాను. మొదట్లో బాగానే వచ్చింది. ఇప్పుడు పోతోంది. ఇక చాలు అని రోజూ అనుకుంటాను, కానీ నా మాట నేనే వినడం లేదు" అని.

ఆ చివరి ముక్క దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఎందుకంటే అది నా కథ కూడా. ఇన్నాళ్ళూ ఈ పేజీలో పొదుపు గురించి పెద్ద పెద్ద కబుర్లు చెప్పాను గానీ, ఈ ఒక్కటి మాత్రం సిగ్గుపడి దాచాను. ఇవాళ చెప్పేస్తున్నాను. కనీసం మీరైనా జాగ్రత్త పడతారని!

కొట్టివేతలన్నీ నావే

2021 శ్రావణ మాసంలో మా వీధి చీటీలో నా పాట వచ్చింది. 80 వేలు చేతికొచ్చాయి. మరుసటి ఏడాది మా అమ్మాయి ఇంజనీరింగు ఫీజుకని ఎత్తిపెట్టిన డబ్బది. అప్పటికి పక్క వాటాలో ఉండే కుర్రాడు "పిన్నిగారూ, బ్యాంకులో వేస్తే ఏమొస్తుంది? షేర్లు చూడండి ఎలా పెరుగుతున్నాయో!" అని రోజూ చెప్పేవాడు. కరోనా రోజుల్లో ఇంటింటా ఇదే మాట కదా! 2020 మార్చి 23న ఒక్క రోజులోనే సెన్సెక్స్ 3,934 పాయింట్లు పడిపోయింది. ఆ తరువాత లేచి పరుగందుకుంది. అది చూసి దేశమంతా కొత్తగా డీమ్యాట్ ఖాతాలు తెరిచారు. వాళ్ళలో నేనూ ఒకదాన్ని.

మా వారికి వీటీపీఎస్‌లో షిఫ్టు డ్యూటీ. ఆయన అటు వెళ్ళగానే నేను ఇటు ఫోను తీసేదాన్ని. నాలుగు కంపెనీల షేర్లు, ఒక్కోటి 20 వేలకి కొన్నాను. నేనేం తెలివితక్కువగా మొదలుపెట్టలేదండోయ్! పద్దుల పుస్తకంలో పాల లెక్క పక్కనే రాసుకున్నాను: "10 శాతం తగ్గితే అమ్మెయ్యాలి."

దీపావళి నాటికి మొదటి కంపెనీ షేరు 23 వేలైంది. గుండె ఝల్లుమంది. మళ్ళీ తగ్గిపోతుందేమోనన్న భయంతో వెంటనే అమ్మేశాను. 3 వేలు లాభం! కొత్త మిక్సీ కొన్నాను. ఇంట్లో మాత్రం చీటీ డబ్బులో మిగిలిందని చెప్పాను. అదే మొదటి అబద్ధం.

రెండో కంపెనీది 18 వేలకి పడింది. అంటే నేను రాసుకున్న 10 శాతం వచ్చేసింది. అమ్మాలి కదా? అమ్మలేదు. పుస్తకం తీసి 10 కొట్టేసి 15 అని రాశాను. 17 వేలకి పడింది. 15 కొట్టేసి 20 చేశాను. 16 వేలైంది. ఈసారి కొట్టెయ్యనైనా కొట్టెయ్యలేదు. "ఇంత చవకగా దొరుకుతోంటే వదులుకుంటామా?" అని మొదటి షేరు అమ్మగా వచ్చిన 20 వేలు కూడా అందులోనే పోశాను. మరుసటి వేసవికి నేను పెట్టిన 40 వేలు 19 వేలైంది. లాభానికి అమ్మేసిన ఆ మొదటి షేరు మాత్రం ఏడాది తిరిగేసరికి రెట్టింపు అయ్యింది!

అక్కడితో ఆగినా బాగుండేది. పోయినచోటే రాబట్టాలన్న పంతం పుట్టింది. ఒక పెళ్ళి విందులో ఎవరో ఆప్షన్ల గురించి చెప్పారు, "తక్కువ డబ్బు, ఎక్కువ లాభం" అని. మా అమ్మ పెట్టిన రెండు గాజులు తాకట్టు పెట్టి 40 వేలు తెచ్చాను. మొదటి వారం 6 వేలు వచ్చాయి. నా అంతటి దాన్ని లేదనుకున్నాను. మూడో వారం చివరికి చూసుకుంటే మిగిలింది 9 వేలు.

మళ్ళీ శ్రావణం వచ్చింది. బంధువుల పెళ్ళికి బయలుదేరుతుంటే మా అత్తగారు నా చేతుల వైపు చూసి "ఏమ్మా, గాజులేవీ?" అన్నారు. నా నోట మాట రాలేదు. ఆ రాత్రి మా వారు పద్దుల పుస్తకం తీయమన్నారు. కోపంతో అరుస్తారేమోనని బిక్కచచ్చి కూర్చున్నాను. ఆయన అరవలేదు. ఆ పేజీ చూసి ఒకే ఒక్క మాట అడిగారు. "రాసింది నువ్వే. మరి కొట్టేసింది ఎవరు?"

ఏమని చెప్పను! షేరు బజారు నా గాజులు ఎత్తుకుపోలేదు. 52 వేలు పోయాయంటే, నా రాతను నేనే కొట్టేసినందుకు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటే ఇదే.

గేదెల బేరం

ఆ తరువాత నా తప్పేమిటో తెలుసుకుందామని దొరికిన పుస్తకమల్లా చదివాను. చదివినకొద్దీ తెలిసిందేమిటంటే, ఈ పిచ్చి నా ఒక్కదానికే కాదు. పెద్ద పెద్ద చదువులవాళ్ళు దీని మీద ఏళ్ళ తరబడి పరిశోధనలు చేశారు.

మన ఇంట్లో రెండు గేదెలున్నాయనుకోండి. ఒకటి పూటకి నాలుగు లీటర్లు ఇస్తోంది. రెండోది వట్టిపోయింది. ఇంట్లో డబ్బు అవసరం పడితే ఏది అమ్ముతాం? వట్టిపోయినదాన్నే కదా! కానీ షేర్ల దగ్గరికి వచ్చేసరికి మనం చేసేది తలకిందుల బేరం. పాలిచ్చేదాన్ని ఆదరాబాదరాగా అమ్మేస్తాం. వట్టిపోయినదానికి చిట్టూ తవుడూ పెడుతూ కూర్చుంటాం, "ఎప్పటికైనా ఈనకపోతుందా" అని!

1985లో హెర్ష్ షెఫ్రిన్, మేయర్ స్టాట్‌మన్ అనే ఇద్దరు ఈ అలవాటు గురించి రాశారు. 1998లో టెరెన్స్ ఓడీన్ అనే ఆయన అమెరికాలో ఒక బ్రోకరు దగ్గర ఉన్న 10 వేల ఖాతాలను పరిశీలించి లెక్క తేల్చాడు. నష్టంలో ఉన్నవాటి కన్నా లాభంలో ఉన్నవాటిని జనం ఒకటిన్నర రెట్లు ఎక్కువగా అమ్మేస్తున్నారట. విచిత్రమేమిటంటే, అమ్మేసినవే తరువాతి ఏడాది బాగా పెరిగాయి, అట్టే పెట్టుకున్నవి వెనకబడ్డాయి. అచ్చంగా నా మిక్సీ కథే!

ఎందుకిలా చేస్తాం? డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు 1979లోనే దీనికి మూలం చెప్పారు. కానెమన్‌కి 2002లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. వంద రూపాయలు దొరికిన సంతోషం కన్నా వంద రూపాయలు పోయిన బాధ మనసుకి సుమారు రెండింతలు ఉంటుందట. అమ్మితే నష్టం ఖాయమైపోతుంది, అమ్మకపోతే ఇంకా ఆశ ఉంటుంది. ఆ బాధ తప్పించుకోవడానికే కళ్ళు మూసుకుని కూర్చుంటాం.

మనవైపు రైతుల ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఇది కొత్త కాదు. 2016లో మిర్చి క్వింటా 10 వేల పైన పలికింది. అది చూసి మరుసటి ఏడాది అందరూ మిర్చే వేశారు. గుంటూరు యార్డు ఎర్రబారిపోయింది, రేటు మాత్రం కుప్పకూలింది. 2017 మేలో కేంద్ర ప్రభుత్వం క్వింటా 5 వేలకి కొనే పథకం ప్రకటించాల్సి వచ్చింది. "పోయినేడు పలికిన రేటు వస్తేనే అమ్ముతా" అని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకునే పెదనాన్నలూ బాబాయిలూ మన ఇళ్ళల్లో లేరూ? పోయినేటి రేటు మనకి గుర్తుంటుంది గానీ బజారుకి గుర్తుండదు. నేను 20 వేలకి కొన్నానన్న సంగతి ఆ షేరుకేం తెలుసు, చెప్పండి!

పులి మీద స్వారీ

షేర్ల మాట వస్తే మన తెలుగువాళ్ళకి సత్యం కంపెనీ గుర్తుకు రాకుండా ఉండదు. 1987లో హైదరాబాదులో పెట్టిన కంపెనీ. మనవాళ్ళు పెట్టి, ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది. అందులో ఉద్యోగం ఉన్న పెళ్ళికొడుకంటే ఎంత గిరాకీ ఉండేదో మీకూ తెలుసు!

2008 డిసెంబరు 16న ఆ కంపెనీ, యజమాని కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను కొంటానని ప్రకటించింది. వాటాదారులు గగ్గోలు పెట్టేసరికి గంటల్లోనే మానుకుంది. షేరు ధర పడింది. అది మొదటి గంట. అయినా "మనవాళ్ళదే కదా" అన్న అభిమానంతో షేర్లు వదలని వాళ్ళు ఎంతమందో! 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. ఖాతాల్లో చూపించిన డబ్బులో 5 వేల కోట్లకు పైగా అసలు లేనే లేదని ఆయనే ఒప్పుకున్నారు. ముందురోజు 179 రూపాయల దగ్గర ఉన్న షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గరికి వచ్చేసింది. ఆ తరువాత కంపెనీని టెక్ మహీంద్రా తీసుకుంది. 2013లో రెండూ కలిసిపోయినప్పుడు 17 పాత షేర్లకి 2 కొత్త షేర్లు ఇచ్చారు.

ఆ మోసంలో వాటాదారుల తప్పేమీ లేదు. నేను చెప్పేది ఆ లేఖలోని ఒక మాట గురించి. మొదట్లో తేడా చిన్నదే, ఏటేటా కప్పిపుచ్చుతూ పోయేసరికి కొండంత అయ్యింది, పులి మీద స్వారీలాగా ఎలా దిగాలో తెలియలేదు అని ఆయన రాసుకున్నారు. కోట్లతో ఆయన చేసింది చట్టం శిక్షించే నేరం. నేను వేలతో చేసింది ఒక ఇల్లాలి పొరపాటు. రెండూ ఒకటి కావు. కానీ మిక్సీ దగ్గర చెప్పిన చిన్న అబద్ధం నన్నూ అలాంటి పులి మీదే కూర్చోబెట్టింది. రెండు వేలు పోయినప్పుడే మా వారితో చెప్పి ఉంటే గాజుల దాకా వచ్చేదా? నష్టం కన్నా, దాన్ని దాచడానికి పడే పాట్లే మనిషిని ముంచుతాయి.

కోడిపందేల బరి

ఇక ఫ్యూచర్లు, ఆప్షన్ల మాట. వీటిలో మనం కంపెనీలో వాటా కొని దాచుకోవడం ఉండదు. ఫలానా గడువులోగా ధర పెరుగుతుందనో తగ్గుతుందనో చేసుకునే ఒప్పందం. గడువు దాటితే కొన్న ఆప్షన్ విలువ సున్నా కూడా కావచ్చు. సంక్రాంతికి మన జిల్లాలో పందేల బరి దగ్గర చూస్తుంటారుగా! మొదటి పందెం ఓడినవాడు ఇంటికి వెళ్ళడు. రెండో పందేనికి రెట్టింపు కాస్తాడు. నేను చేసిందీ అదే.

షేరు బజారు మీద అజమాయిషీ చేసే సెబీ 2024 సెప్టెంబరులో ఒక లెక్క చెప్పింది. 2021-22 నుంచి మూడేళ్ళలో ఈ బరిలో దిగిన మామూలు మనుషులు కోటి మందికి పైగా. వాళ్ళలో నూటికి 93 మంది నష్టపోయారు. మొత్తం 1 లక్షా 80 వేల కోట్ల రూపాయలకు పైగా పోయింది. తలకి సగటున 2 లక్షలు! 2024-25 లెక్క తీసినా నూటికి 91 మందికి నష్టమే. వీటన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఇంకో ముక్క. వరసగా రెండేళ్ళు నష్టపోయినవాళ్ళలో నూటికి 75 మందికి పైగా మళ్ళీ అదే బరిలో దిగారట! కంచంలో రాయి తగిలిందని తెలిసీ అదే ముద్ద మళ్ళీ నమిలినట్టు.

"అయితే ఆడవాళ్ళకి ఇది చేతకాదన్నమాట" అని మీ ఇంట్లో ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. బ్రాడ్ బార్బర్, ఓడీన్ కలిసి అమెరికాలో 35 వేలకు పైగా కుటుంబాల ఖాతాలు చూసి 2001లో ప్రకటించారు. మగవాళ్ళు ఆడవాళ్ళ కన్నా 45 శాతం ఎక్కువగా కొని అమ్ముతున్నారు. ఆ హడావుడి వల్ల మగవాళ్ళకి ఏడాదికి 2.65 శాతం రాబడి తగ్గితే, ఆడవాళ్ళకి 1.72 శాతం తగ్గింది. చూశారా! మనకీ తగ్గింది, కానీ తక్కువ తగ్గింది. అన్నం ఉడుకుతుంటే మాటిమాటికీ మూత తీసి కలియబెడితే ఏమవుతుంది? షేర్లూ అంతే. ఎంత తక్కువ కలిపితే అంత మంచిది.

పద్దుల పుస్తకంలో రాసుకోండి

గుడివాడ చెల్లెమ్మా, ఇవి నీ కోసం. మిగతావాళ్ళూ రాసి పెట్టుకోండి.

1. ఫీజు డబ్బు, మందుల డబ్బు, ఆరు నెలల ఇంటి ఖర్చు, ఒంటి మీది బంగారం, అప్పు తెచ్చిన డబ్బు: ఈ అయిదింటిలో దేనితోనూ షేర్లు కొనవద్దు. పోతే మనసు బాధపడాలి గానీ పొయ్యి ఆరిపోకూడదు.

2. కొనే ముందే రాయండి: ఎందుకు కొంటున్నాను, ఎంతకి కొంటున్నాను, ఏం జరిగితే అమ్ముతాను. కింద ఇంట్లో ఇంకొకరి చేత సంతకం పెట్టించండి. అంకె మార్చాలంటే ఆ మనిషి మళ్ళీ సంతకం పెట్టాలి. మా ఇంట్లో ఆ సంతకం మా అత్తగారిది!

3. తగ్గితే అమ్మమని ముందుగానే చెప్పి పెట్టే ఏర్పాటు ఫోనులోనే ఉంటుంది. దాన్ని స్టాప్‌లాస్ అంటారు. మామూలుగా అది ఆ రోజు వరకే పనిచేస్తుంది. ఎక్కువ రోజులు ఉండేదాన్ని జీటీటీ అంటారు. ధర ఒక్కసారిగా దిగజారితే మనం అనుకున్న రేటుకే అమ్ముడుపోతుందన్న హామీ లేదు. అయినా మన పిరికితనం కన్నా అది నయం.

4. నష్టంలో ఉన్నదాన్ని చూసినప్పుడు ఈ ప్రశ్న వేసుకోండి: "ఇది నా దగ్గర లేకపోతే, ఇవాళ ఈ రేటుకి కొత్తగా కొంటానా?" కొననంటే, ఉంచుకోవడం దేనికి? పడిపోతున్నదాంట్లో సగటు తగ్గించుకుందామని ఇంకా పొయ్యకండి.

5. డబ్బు పోయిన రోజున ఫోను పక్కన పెట్టెయ్యండి. మూడు రోజులు బేరం బంద్! కోపంతో వండిన కూరలో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే పడుతుంది. లాభం వచ్చిన రోజున కూడా ఇదే నియమం. నన్ను ముంచింది ఆ మొదటి 6 వేల లాభమే.

6. ఫ్యూచర్లు, ఆప్షన్ల జోలికి పోవద్దు. చెయ్యి ఆగదనుకుంటే మీ ఖాతాలో ఆ విభాగాన్ని మూసెయ్యమని బ్రోకరుని అడగండి.

7. వాట్సాప్, టెలిగ్రాం గ్రూపుల్లో "రేపు పెరిగే షేరు" చెప్పేవాళ్ళని నమ్మకండి. సలహా ఇచ్చేవాళ్ళకి సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. లాభం గ్యారంటీ అన్నారంటే అది మోసమే. ఫోనులో ఎవరైనా డబ్బు కాజేస్తే వెంటనే 1930 నంబరుకి చెయ్యండి.

8. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో దాచకండి. చెప్పుకోలేని బేరం చెయ్యకండి.

మీరు అడగకముందే నేనే చెబుతాను. మా అమ్మాయి మొదటి ఏడాది ఫీజుకి మా అన్నయ్య దగ్గర చేబదులు తెచ్చాం. గాజులు విడిపించుకోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టాను. ఒక్కో జాకెట్టు కుడుతున్నప్పుడల్లా ఆ కొట్టివేతలే కళ్ళ ముందు కదిలేవి. ఇప్పుడు నెలకి వెయ్యి రూపాయలు ఒక ఇండెక్స్ ఫండులో వేస్తున్నాను. అదీ పెరుగుతుంది, తరుగుతుంది. నెలకోసారి, గ్యాసు లెక్క రాసేటప్పుడు చూస్తాను, అంతే. ఆ పాత పేజీ మాత్రం చింపలేదు. పుస్తకం మారినప్పుడల్లా కొత్తదాంట్లో మొదటి పేజీగా దాన్నే అంటిస్తున్నాను.

చెల్లెమ్మా, ఈ ఉత్తరం చదివాక ముందు నీ పుస్తకం తీసి మీ ఆయన ముందు పెట్టు. నాలుగు మాటలంటే అననీ. గాజులు చేతికి ఉండగానే అనిపించుకోవడం మేలు.

వచ్చే వారం ఎండాకాలం మిగిలిన మామిడి టెంకలతో ఏమేం చేసుకోవచ్చో చెబుతాను. అందాకా సెలవు!